జెండా ఇచ్చినవాడు భూమి సంగతి కూడా చెప్పాడు

యేటా జూన్ 20వ తేదీన దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా దేశంలో జెండా పండుగ జరుగుతుంది. ఆ రోజు దేశమంతటికీ సెలవు. బళ్ళలో నాలుగో తరగతి పిల్లలు జెండా ముందు నిలబడి ప్రమాణం చేస్తారు. పరానా నది వొడ్డున వున్న రొసారియో నగరంలో ఉత్సవం మరీ ఘనంగా వుంటుంది. ఆ జెండా మొదటిసారి యెగిరింది అక్కడే. ఇప్పుడక్కడ 70 మీటర్ల యెత్తు గోపురంతో జెండా స్మారక కట్టడం వుంది.

ఇలాంటి పండుగ జెండా పుట్టినరోజున జరగాలి. రొసారియోలో జెండా యెగిరింది ఫిబ్రవరి 27న. పండుగ జరిగేది మాత్రం జూన్ 20న. అది ఆ జెండాను తయారుచేసిన మనిషి చనిపోయిన రోజు. ఆయన పేరు మాన్యుయెల్ బెల్‌గ్రానో.

రైతుల శీర్షికలో జెండా కథ యేమిటని పాఠకులు అడగవచ్చు. బెల్‌గ్రానోను అర్జెంటీనా ప్రజలు సేనాధిపతిగా యెరుగుదురు, జెండా ఇచ్చినవాడుగా యెరుగుదురు. కాని ఆయన సైన్యాన్ని నడపడానికి బయలుదేరింది నలభయ్యోయేట. అంతకు ముందు పదహారేళ్ళు ఆయన యెక్కువగా రాసిందీ, వాదించిందీ సేద్యం గురించీ, సేద్యం చేసేవాడి గురించీ. జూన్ 20న ఆయనకు దండలు వేసేవారిలో చాలామంది ఈ సంగతి తలవరు. అందుకే మేము తలుస్తున్నాం.

వర్తకుల నడుమ ఒక గుమాస్తా

బెల్‌గ్రానో 1770 జూన్ 3న బ్యూనస్ ఎయిర్స్‌లో పుట్టాడు. అప్పటికి ఆ దేశం స్పెయిన్ రాజు యేలుబడిలో వుంది. తండ్రి ఇటలీ నుంచి వలస వచ్చి వర్తకంలో బాగా గడించినవాడు. కొడుకుని న్యాయశాస్త్రం చదవమని 1786లో స్పెయిన్ పంపాడు. కుర్రవాడు సలమాంకాలోనూ, వయాదొలిద్‌లోనూ చదివి న్యాయవాది పట్టా తెచ్చుకున్నాడు. కాని కోర్టు పుస్తకాల మీద కన్నా అర్థశాస్త్రం మీదే ఆయన మనసు నిలిచింది. పక్కనే ఫ్రాన్సులో 1789లో విప్లవం వచ్చింది. అప్పటికి ఆయనకు పందొమ్మిదేళ్ళు. ఆ మాటలు, ఆ పుస్తకాలు ఆయనను బాగా పట్టుకున్నాయి.

ఆ రోజుల్లో ఫ్రాన్సులో కెనే అనే ఆర్థికవేత్త, ఆయన శిష్యులు ఒక వాదం తెచ్చారు. దేశం సంపద ఖజానాలోని వెండి, బంగారాలలో లేదు, భూమిలో పండేదే అసలు సంపద అన్నది ఆ వాదం. పోతోసీ గనులలో ఇండియన్ల చేత వెట్టి చేయించి, వెండి తోడుకుపోయిన స్పెయిన్‌కు ఇది మింగుడుపడని మాట. వీళ్ళేమీ పేద రైతుల పక్షాన నిలిచినవారు కారు. పెద్ద కమతాల సేద్యమే వారి ఆదర్శం. అయినా పొలంలో చాకిరీ చేసేవాడిని లెక్కలోకి తీసుకోక తప్పని పరిస్థితి ఆ వాదం తెచ్చింది. బెల్‌గ్రానో కెనే రాసిన సూత్రాలను 1794లో స్పానిష్‌లోకి తర్జుమా చేశాడు.

ఆ యేడే బ్యూనస్ ఎయిర్స్‌లో కొత్తగా పెట్టిన వర్తక మండలికి కార్యదర్శిగా ఆయన తిరిగి వచ్చాడు. మండలిలో కూర్చున్నవారు స్పెయిన్‌లోని కాదిస్ రేవుతో గుత్తవ్యాపారం చేసే షావుకార్లు. అక్కడి సరుకు ఇక్కడ రెట్టింపు ధరకు అమ్ముకోవడం తప్ప వాళ్ళకు వేరే లోకం లేదు. కార్యదర్శి యేడాదికొకసారి వారి ముందు ఒక నివేదిక చదవాలి. 1796లో ఆయన చదివిన నివేదిక సేద్యం గురించే.

అందులో ఆయన చెప్పినవి చూడండి. రైతులకు వ్యవసాయ పాఠశాల పెట్టాలి. ఒకే పైరు వేసి నేలను చంపకుండా పంటలు మార్చి వేయించాలి. చెట్లు నాటించాలి. బాగా పండించినవారికి బహుమతులివ్వాలి. విత్తులు చల్లేటప్పుడూ, కోతల సమయంలోనూ రైతుకు అప్పు దొరికేలా ఒక నిధి వుండాలి. పేదల పిల్లలకు జీతం లేని బళ్ళు పెట్టాలి, ఆడపిల్లలకు కూడా పెట్టాలి. అదును తప్పితే విత్తనమూ లేదు, పంటా లేదు. ఆ అదునులోనే చేతిలో దమ్మిడీ వుండదు. ఆ చిక్కును రెండు వందల యేళ్ళనాడే పట్టుకున్న మనిషి ఆయన.

షావుకార్లు విన్నారు. నిధీ రాలేదు, వ్యవసాయ పాఠశాలా రాలేదు. 1799లో యెలాగో నౌకావిద్యకు ఒక బడి, చిత్రలేఖనానికి ఒక బడి తెరిపించాడు. అవి విలాసాలని చెప్పి కొన్నాళ్ళకే స్పెయిన్ ప్రభుత్వం మూయించింది.

బీడుపెట్టిన భూమి గురించి

1810 మే 25న బ్యూనస్ ఎయిర్స్ ప్రజలు స్పెయిన్ రాజప్రతినిధిని దించేశారు. తొమ్మిదిమందితో కొత్త ప్రభుత్వ సంఘం యేర్పడింది. అందులో బెల్‌గ్రానో ఒకడు. అప్పటికే ఆయన ఒక వారపత్రిక నడుపుతున్నాడు. విప్లవం జరిగి నెల తిరగకముందే, ఆ జూన్‌లోనే, అందులో భూమి మీద ఒక వ్యాసం వచ్చింది.

వ్యాసంలో వాదం సూటిగా వుంది. కనుచూపు మేర సారవంతమైన నేల వున్న దేశంలో సేద్యగాడు బికారిగా యెందుకున్నాడు? భూమి అతనిది కాదు కనుక. ఇవాళో రేపో వెళ్ళగొట్టే పొలంలో యెవడు చెట్టు నాటుతాడు? యెవడు ఇల్లు కట్టుకుంటాడు? రెండో పక్క, వేల యెకరాలు చేతిలో పెట్టుకొని తాను దున్నడు, ఇంకొకణ్ణి దున్ననివ్వడు. కాబట్టి సేద్యగాడికి సొంతభూమి దక్కాలి, లేదా వెళ్ళగొట్టడానికి వీల్లేని శాశ్వత కౌలు దక్కాలి. గడువు పెట్టి, ఆలోగా సాగులోకి తేని భూమిలో కనీసం సగమైనా యజమాని చేత బలవంతంగా అమ్మించాలి. పల్లెలను ఆనుకొని పూర్తిగా బీడుపెట్టిన భూముల విషయంలో ప్రభుత్వం ఇంకా గట్టిగా వుండాలి.

ఇందులో భూమిని ఊరికే లాక్కోమని లేదు, ధర ఇచ్చి కొనడమే. ఆయన వర్తకుల ఇంట పుట్టినవాడు. ఆస్తి హక్కును కాదనలేదు. కాని దున్నని భూమి మీద యజమానికి పూర్తి హక్కు లేదని ఒక ప్రభుత్వ సభ్యుడు అచ్చు వేయించాడు. 1810లో ఇది చిన్న సంగతి కాదు.

కొద్దికాలానికే ఆయనను సైన్యంతో పరాగ్వే మీదికి పంపారు. దారిలో మిసియోనెస్ ప్రాంతంలో గ్వారనీ ఆదివాసుల ముప్ఫయ్ గ్రామాలున్నాయి. తేయాకులాగ కాచుకు తాగే మాటే ఆకు అక్కడి అడవిలో దొరుకుతుంది. ఆకు వ్యాపారులు ఆదివాసుల చేత చాకిరీ చేయించి కూలి యెగ్గొట్టేవారు, పైగా కొట్టేవారు. బెల్‌గ్రానో ఇది కళ్ళారా చూసి, 1810 డిసెంబరు 30న యుద్ధ శిబిరంలోనే ఒక శాసనం రాశాడు. దాని ప్రకారం ఆదివాసులు ఇకమీద యెవరికీ కప్పం కట్టనక్కరలేదు, పదేళ్ళపాటు యే పన్నూ లేదు. స్పెయిన్ సంతతివారితో సమానంగా ఉద్యోగాలకు వారూ అర్హులు. సేద్యానికి భూమి ఉచితంగా ఇవ్వాలి. కూలి నెలనెలా కూలివాడి చేతిలోనే పెట్టాలి.

తరువాత రెండు యుద్ధాలలో ఆయన పరాగ్వేలో ఓడిపోయాడు. ఆ శాసనం చాలావరకు కాగితం మీదే వుండిపోయింది.

జెండా యెగిరింది, దాచేయమన్నారు

1812 మొదట్లో బెల్‌గ్రానోను పరానా నది మీద శత్రు నౌకల రాకపోకలను ఆపడానికి రొసారియో పంపారు. అప్పుడది నదివొడ్డున చిన్న పల్లె. చిత్రమేమంటే రెండు పక్షాల సైనికులూ స్పెయిన్ గుర్తులతోనే పోరాడుతున్నారు. మనవారెవరో పైవారెవరో తెలియాలి కదా అని ఆయన ప్రభుత్వానికి రాశాడు. టోపీలకు పెట్టుకునే లేత నీలం, తెలుపు బిళ్ళకు ఫిబ్రవరి 18న అనుమతి వచ్చింది. ఆయన అక్కడితో ఆగలేదు. ఆ రంగులతోనే జెండా కుట్టించి ఫిబ్రవరి 27న నదివొడ్డున కొత్త ఫిరంగి దిబ్బల దగ్గర యెగరేయించాడు.

బ్యూనస్ ఎయిర్స్‌లో అప్పుడు ముగ్గురి ప్రభుత్వం నడుస్తోంది. వాళ్ళకు ఇది వినగానే గుండె జారింది. పేరుకు వాళ్ళింకా స్పెయిన్ రాజు ఫెర్డినాండ్ తరపునే పాలిస్తున్నారు. స్పెయిన్‌కు బ్రిటన్ మిత్రదేశం. బ్రిటన్‌కు కోపం వస్తే వ్యాపారం దెబ్బతింటుంది. జెండా దాచేయమని, కోట మీద పాత జెండానే వాడమని మార్చి 3న ఉత్తర్వు పంపారు. అది చేరేలోగా ఆయన ఉత్తరాదిన సైన్యానికి నాయకుడుగా వెళ్ళిపోయాడు. సంగతి తెలియక మే 25న హుహుయ్ పట్టణంలో మళ్ళీ జెండా యెత్తాడు. ఈసారి చీవాట్లు ఆయనకు చేరాయి. జెండాను తీసేశానని, యెవరైనా అడిగితే పెద్ద గెలుపు రోజుకి దాచి వుంచామని చెబుతానని జవాబు రాశాడు. మాట విన్నట్టే విని, జెండాను వదులుకోలేదు.

పంట తగలబెట్టుకున్న జనం

ఆ గెలుపుకు వెల కట్టింది ఉత్తరాది పల్లెజనం. 1812 ఆగస్టులో పెరూ నుంచి స్పెయిన్ రాజు సైన్యం దిగివస్తోంది. బెల్‌గ్రానో దగ్గర సరైన తుపాకులు లేవు, జీతాలకు డబ్బు లేదు. ఊరు ఖాళీ చేయాలని హుహుయ్ ప్రజలకు ఆజ్ఞ ఇచ్చాడు. కోసిన పంట బండ్లకెత్తండి, కోయనిది తగలబెట్టండి, పశువులను తోలుకురండి, శత్రువుకు గింజ దక్కకూడదు అన్నది ఆజ్ఞ. వెనక వుండిపోయినవాణ్ణి ద్రోహిగా యెంచి కాల్చేస్తామన్నాడు. ఆగస్టు 23న జనం కదిలారు.

ఇది కఠినమైన ఆజ్ఞ. రైతుకు తన పంటకు తాను నిప్పుపెట్టడం కన్నా కష్టం లేదు. ధనిక కుటుంబాలు కొన్ని వెనకాడాయి. పేదలు, పశువులు కాచేవారు, ఆదివాసులు సామాన్లు మూపున వేసుకొని వందల కిలోమీటర్లు దక్షిణానికి నడిచారు. ఇప్పటికీ హుహుయ్‌లో యేటా ఆగస్టు 22 రాత్రి గడ్డి గుడిసెలు కట్టి, వాటిని తగలబెట్టి, ఆ వలసను గుర్తుచేసుకుంటారు.

ఇంకా వెనక్కి కోర్డొబా దాకా వచ్చేయమని ప్రభుత్వం ఆజ్ఞాపించింది. బెల్‌గ్రానో టుకుమాన్ దగ్గర ఆగిపోయాడు. అక్కడి జనం మేమూ నిలబడతామన్నారు. గుర్రాలెక్కిన పల్లెటూరివారు కర్రల చివర కత్తులు కట్టుకొని వచ్చారు. సెప్టెంబరు 24న యుద్ధం జరిగింది. సరిగ్గా అప్పుడే మిడతల దండు వచ్చిపడిందని ఆనాటివారి జ్ఞాపకాలలో వుంది. రైతుకు యేనాడూ మేలు చేయని మిడత ఆ వొక్కనాడు రైతు పక్షాన నిలిచింది! శత్రువు వోడిపోయాడు. పక్షం రోజులలో బ్యూనస్ ఎయిర్స్‌లో ఆ ముగ్గురి ప్రభుత్వమూ కూలిపోయింది.

1813 ఫిబ్రవరి 13న పసాహె నది వొడ్డున సైనికులు ఆ జెండా ముందు ప్రమాణం చేశారు. ఆ నదికి ప్రమాణం అని అర్థం వచ్చే హురమెంతో అనే పేరు వచ్చింది. వారం తిరిగాక, 20న, సాల్టా యుద్ధంలో జెండా మొదటిసారి రణరంగంలో నిలిచింది. శత్రుసేన మొత్తం లొంగిపోయింది.

నలభై వేల పెసోలు

సాల్టా గెలుపుకు కొత్త శాసనసభ ఆయనకు 40,000 పెసోలు బహుమతిగా ప్రకటించింది. ఆయన ఆ డబ్బు తీసుకోలేదు. దానితో తరిహా, హుహుయ్, టుకుమాన్, శాంటియాగో దెల్ ఎస్తెరోలలో నాలుగు బళ్ళు పెట్టమన్నాడు. ఆ బళ్ళకు నియమావళి కూడా తానే రాశాడు. పేదపిల్లలకు పలకా పుస్తకాలు ఉచితంగా ఇవ్వాలన్నాడు. డబ్బు మాత్రం యుద్ధ ఖర్చులలో, తరువాతి ప్రభుత్వాల లెక్కలలో కరిగిపోయింది. హుహుయ్‌లో ఆయన కోరిన బడి తలుపులు తెరుచుకున్నది 2004లో. వాగ్దానానికీ బడిగంటకూ మధ్య 191 యేళ్ళు గడిచాయి.

అదే యేడు చివర విల్కపుహియో, అయొహుమా యుద్ధాలలో ఆయన చిత్తుగా ఓడాడు. ఇప్పటి బొలీవియాలోని మాచా పల్లె దగ్గర చిన్న గుడిలో అప్పుడు దాచిన రెండు జెండాలు 1880లలో బయటపడ్డాయి. ఒకటి బ్యూనస్ ఎయిర్స్‌లో వుంది, ఒకటి బొలీవియాలో సుక్రేలో వుంది. అయొహుమాలో గాయపడినవారికి సాయం చేసిన మరియా రెమెదియోస్ దెల్ వయె ఆఫ్రికా సంతతి స్త్రీ. బెల్‌గ్రానో ఆమెకు కెప్టెన్ హోదా ఇచ్చాడు. స్వాతంత్ర్యం వచ్చాక ఆమె బ్యూనస్ ఎయిర్స్ వీధులలో అడుక్కుతిన్నది. 2024లో వచ్చిన 10,000 పెసోల నోటు మీద వారిద్దరి బొమ్మలూ పక్కపక్కన వేశారు.

1816 జూలై 9న టుకుమాన్ సభలో స్వాతంత్ర్య ప్రకటన జరిగింది. ఆ నెలలోనే సభ నీలం, తెలుపు జెండాను జాతీయ పతాకంగా ఆమోదించింది. సూర్యుడి బొమ్మ 1818లో చేరింది. ఆ సభకు బెల్‌గ్రానో ఒక సలహా ఇచ్చాడు. పాత ఇంకా చక్రవర్తుల వంశంవాణ్ణి రాజుగా నిలిపి, రాజ్యాంగానికి లోబడి పాలన సాగించాలన్నాడు. రేవుపట్నం పెద్దలు దీన్ని యెగతాళి చేశారు. రాజరికం కోరడం ఆయన ఆలోచనలోని లోపమే. కాని నేల అసలు హక్కుదారులైన ఆదివాసులకు రాజ్యంలో చోటుండాలన్న తపన అందులో వుంది. నవ్వినవారు నవ్వింది రాజును చూసి కాదు, ఇండియన్‌ని చూసి.

గడియారం

చివరి యేళ్ళలో ఆయనకు వొళ్ళంతా నీరు పట్టింది. 1819లో టుకుమాన్‌లో తిరుగుబాటుదారులు ఆయనను నిర్బంధించి, వాచిన కాళ్ళకు సంకెళ్ళు వేయబోయారు. వైద్యుడు అడ్డుపడితే ఆగారు. అప్పు చేసి బ్యూనస్ ఎయిర్స్ చేరాడు. ప్రభుత్వం ఆయనకు జీతం బాకీలు పడింది, అడిగినా పూర్తిగా ఇవ్వలేదు. వైద్యుడికి ఇవ్వడానికి డబ్బు లేక తన బంగారు గడియారం ఇచ్చాడు. 1820 జూన్ 20న, తాను పుట్టిన ఇంట్లోనే, యాభయ్యేళ్ళ వయసులో చనిపోయాడు. ఆ రోజు నగరంలో గవర్నరు పదవికి ముగ్గురు తగువులాడుకుంటున్నారు. ఆయన పోయిన వార్త వేసింది ఒకే ఒక్క పత్రిక. సమాధి మీద పెట్టడానికి రాయి కొనలేక ఇంట్లోని బల్ల మీది పాలరాతి పలకను తీసి పెట్టారు.

1902లో ప్రజల చందాలతో పెద్ద సమాధి కట్టడానికి ఆయన అస్థికలు పైకి తీశారు. అప్పుడు ఇద్దరు మంత్రులు ఆయన పళ్ళు చెరొకటి జేబులో వేసుకుపోయారు! పత్రికలు గగ్గోలు పెట్టాక తెచ్చి ఇచ్చారు.

1938లో, ఆర్తీస్ అధ్యక్షుడుగా వుండగా, 12,361 నంబరు చట్టం వచ్చింది. బెల్‌గ్రానో మరణించిన జూన్ 20ని జెండా దినంగా, జాతీయ సెలవుదినంగా ఆ చట్టం నిర్ణయించింది. రొసారియో స్మారక కట్టడాన్ని 1957లో అదే తేదీన ప్రారంభించారు. జెండా పండుగ పుట్టుక ఇదీ.

పండుగ చెప్పని సగం

మరి ఆయన భూమి గురించి చెప్పిందేమయింది? బీడుభూమిలో సగం అమ్మించాలన్న మాట యే ప్రభుత్వమూ పట్టించుకోలేదు. పైగా 1870ల చివర దక్షిణాదిన ఆదివాసుల మీద దండెత్తి, వారి నేలను ఊడబెరికి, లక్షల హెక్టార్ల లెక్కన కొద్దిమందికి కట్టబెట్టారు. ఇటలీ నుంచి, స్పెయిన్ నుంచి వలస వచ్చిన సేద్యగాళ్ళకు కౌలే గతి అయింది. పంటలో మూడోవంతు, కొన్నిచోట్ల అంతకు మించి యజమానికి పోయేది. విత్తనాలు ఫలానా దుకాణంలోనే కొనాలి, నూర్పిడి ఫలానా యంత్రంతోనే చేయించాలి అని కౌలు పత్రంలోనే రాసేవారు. 1912లో మొక్కజొన్న విరగపండింది. బాకీలు కట్టాక రైతుకు మిగిలింది శూన్యం. పంట పండినా అప్పు తీరకపోవడం యేమిటో మన కౌలురైతులకు వేరే చెప్పక్కరలేదు.

1912 జూన్ 25న శాంటాఫె రాష్ట్రంలోని అల్కోర్టా అనే పల్లెలో కౌలుదార్లు సమావేశమై నాగలి పట్టమన్నారు. కౌలు తగ్గించాలని, కౌలు గడువు పెంచాలని, కొనుగోలుకూ నూర్పిడికీ స్వేచ్ఛ ఇవ్వాలని కోరారు. సమ్మె చుట్టుపక్కల జిల్లాలకు పాకింది. ఆగస్టు 15న వారి సంఘం, అర్జెంటీనా వ్యవసాయదారుల సమాఖ్య, ప్రారంభమైంది. యెక్కడ? రొసారియోలోనే. సరిగ్గా వందేళ్ళ క్రితం బెల్‌గ్రానో జెండా యెగరేసిన ఊళ్ళోనే. వారిలో చాలామంది ఆయన తండ్రిలాగే ఇటలీ నుంచి ఓడెక్కి వచ్చినవారు. వారి తరపున నిలబడిన న్యాయవాది ఫ్రాన్సిస్కో నెత్రీని 1916 అక్టోబరు 5న అదే రొసారియోలో హత్య చేశారు.

జూన్ 20కీ జూన్ 25కీ మధ్య అయిదు రోజులే తేడా. మొదటిది సెలవుదినం, ఫిరంగులు మోగుతాయి. రెండవది రైతులు తమంతట తాము గుర్తుపెట్టుకునే రోజు. ఈ రెండూ ఒకే మనిషి కథలో రెండు సగాలని మేము అనుకుంటున్నాం. జెండా కుట్టిన చేత్తోనే బెల్‌గ్రానో దున్నేవాడికి నేల వుండాలని రాశాడు. గుడ్డను దేశం తీసుకుంది, గోపురం కట్టి దాచుకుంది. నేల సంగతి అల్కోర్టా రైతులు తమ చేతుల్లోకి తీసుకోవలసి వచ్చింది.